హ్యాష్ కలవడం లేదు: తప్పు నా డంప్‌దా, డేటాబేస్‌దా?

అట్టపెట్టె:
పాత గేముల కార్ట్రిడ్జ్‌లు, డిస్కులు, ఫ్లాపీలు డంప్ చేస్తున్నాను, అంటే వాటిలోని బైట్లను ఉన్నదున్నట్టు ఫైళ్లుగా తీస్తున్నాను. తెలిసిన డంప్‌ల సైజు, హ్యాష్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి సంఖ్య) రాసి ఉంచే నో-ఇంట్రో, రీడంప్, టోసెక్ డేటాబేస్‌లతో మూడు చోట్ల లెక్క తేడా వస్తోంది.

ఒకటి, సూపర్ నింటెండో కార్ట్రిడ్జ్. నా ఫైలు 1,049,088 బైట్లు. నో-ఇంట్రో జాబితాలో ఉన్నది 1,048,576. ఎస్‌హెచ్‌ఏ-1 అనే హ్యాష్ ఎలాగూ కలవదు.

రెండు, ప్లేస్టేషన్ 1 డిస్కు. మామూలు బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఒక్క ఐఎస్‌ఓ ఫైలుగా తీశాను. రీడంప్‌లో అదే గేముకు నాలుగు ట్రాకులు, ఒక్కోదానికి విడి హ్యాష్. గేమ్ మొదలవుతోంది గానీ సంగీతం రావడం లేదు.

మూడు, డాస్ గేము, 1.44 ఎంబీ ఫ్లాపీలు మూడు. టోసెక్ డ్యాట్‌తో (హ్యాష్‌ల జాబితా ఉన్న ఫైలు) పోలిస్తే 2, 3 కలిశాయి. మొదటిది రెండుసార్లు తీసినా ఒకే హ్యాష్ వస్తోంది, కానీ జాబితాలో ఉన్నది అది కాదు. ఇన్‌స్టాల్ మాత్రం ఏ లోపం లేకుండా అవుతోంది.

ఎలాగూ ఆడుతున్నప్పుడు హ్యాష్ కలిస్తే ఎంత, కలవకపోతే ఎంత? పైగా నో-ఇంట్రో, రీడంప్ గేమ్ ఫైళ్లు ఇవ్వవు కదా, ఉత్త అంకెల పట్టికలే. ఆ పట్టికల కోసం ఇంతమంది ఇంత శ్రమ ఎందుకు పడుతున్నారో తెలిసినవాళ్లు చెప్పండి.

సెక్టార్‌సున్నా:
ముందు కార్ట్రిడ్జ్ సంగతి, అది తేలిక. 1,049,088 లోంచి 1,048,576 తీసేయండి, సరిగ్గా 512 మిగులుతుంది. అది గేమ్ కాదు. 1990లలో కార్ట్రిడ్జ్‌ను ఫ్లాపీలోకి ఎక్కించే కాపియర్ పరికరాలు తమ అవసరం కోసం ఫైలు మొదట్లో తగిలించుకున్న హెడర్ అనే ముక్క. కొన్ని డంపింగ్ సాఫ్ట్‌వేర్లు పాత అలవాటు కొద్దీ ఇంకా దాన్ని చేరుస్తున్నాయి. ఫైలు సైజును 1024తో భాగిస్తే 512 శేషం వచ్చిందంటే హెడర్ ఉన్నట్టే. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను నేరుగా చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఆ 512లో చాలా భాగం సున్నాలే కనిపిస్తాయి. మొదటి 512 బైట్లు కోసి మళ్లీ హ్యాష్ తీయండి. అసలు ఫైలు చెరపకండి, కాపీ మీద చేయండి.

ఇలాంటివి ప్రతి కన్సోల్‌కూ ఉన్నాయి. ఎన్‌ఈఎస్ (నింటెండో పాత కన్సోల్) ఫైళ్లకు 16 బైట్ల హెడర్ ఉంటుంది. అది కార్ట్రిడ్జ్‌లో లేదు, మ్యాపర్ సంఖ్య (కార్ట్రిడ్జ్ లోపలి సర్క్యూట్ రకం) లాంటివి ఎమ్యులేటర్‌కు (పాత కన్సోల్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) చెప్పడానికి మనుషులు రాసింది. పాత ఫైళ్లు కొన్నిటిలో ఆ హెడర్ 7వ బైటు నుంచి "డిస్క్‌డ్యూడ్!" అని ఆంగ్లంలో ఒక సంతకం ఉంటుంది. దానిలోని మొదటి అక్షరం మ్యాపర్ సంఖ్యకు చెందిన చోట కూర్చుంటుంది కాబట్టి మ్యాపర్ 64 ఎక్కువగా కనిపిస్తుంది, గేమ్ లేవదు. ఎవరో సరదాగా వేసుకున్న సంతకం అది, ఇంకా మన నెత్తినే ఉంది. నింటెండో 64లో ఇంకో తిరకాసు. సైజు సమానంగానే ఉంటుంది, బైట్ల వరుస మూడు రకాలు. మొదటి నాలుగు బైట్లు హెక్స్‌లో 80 37 12 40 అయితే అసలు వరుస. 37 80 40 12 అయితే జంటలు తారుమారయ్యాయి. 40 12 37 80 అయితే నాలుగేసి బైట్లు తిరగబడ్డాయి. మూడూ ఒకే గేమ్, మూడు వేర్వేరు హ్యాష్‌లు.

ఇక మీ పెద్ద ప్రశ్న. నెట్‌లో ఒకే గేము పేరుతో పది ఫైళ్లు దొరుకుతాయి. హెడర్ ఉన్నది, లేనిది, ట్రైనర్ (చీట్ కోడ్) అతికించింది, సగమే చదివింది, జపాన్ ప్రతికి అమెరికా పేరు పెట్టింది. పేరు ఎవరైనా మార్చొచ్చు, సైజు యాదృచ్ఛికంగా కలవొచ్చు. "ఈ కార్ట్రిడ్జ్‌లో, ఈ రివిజన్‌లో, ఉన్న బైట్లు ఇవీ" అని తేల్చి రాసిపెట్టే చోటు ఒకటి లేకపోతే ఆ పదింటిలో అసలుదేదో చెప్పేవాడు ఉండడు. డేటాబేస్ ఇచ్చేది ఆ తీర్పే. ఫైలు దొరకడం వేరే సంగతి.

మూడు డేటాబేస్‌ల తీరూ ఒకటి కాదని గుర్తుంచుకోండి. నో-ఇంట్రో ప్రధానంగా కార్ట్రిడ్జ్‌లది, మార్పులు లేని శుభ్రమైన డంప్ కావాలంటుంది. రీడంప్ డిస్కులది. టోసెక్ పాత హోమ్ కంప్యూటర్లను విస్తారంగా పట్టుకుంటుంది, క్రాక్ చేసినవీ (కాపీ రక్షణ తీసేసినవి) చెడిపోయినవీ కూడా పేరులోనే గుర్తు వేసి ఉంచుతుంది: సీఆర్ అంటే క్రాక్, టీ అంటే ట్రైనర్, బీ అంటే చెడ్డ డంప్, ఏ అంటే వేరే ప్రతి. టోసెక్‌లో కలిసిందంటే "తెలిసిన ఫైలే" అని అర్థం, "అసలు ప్రతి" అని కాదు. ఆ గుర్తు చదవకుండా సంబరపడకండి.

రింగ్‌కోడ్:
ప్లేస్టేషన్ డిస్కు గురించి. ఆ ఐఎస్‌ఓ పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే.

సీడీలో ఒక సెక్టార్ 2352 బైట్లు. ఐఎస్‌ఓ అందులో 2048 మాత్రమే ఉంచుకుంటుంది. మీ డిస్కులో మొదటిది డేటా ట్రాక్, మిగిలిన మూడూ మామూలు ఆడియో ట్రాకులు అయ్యుంటాయి. ఐఎస్‌ఓలో ఆడియో ట్రాకులకు చోటే లేదు, అందుకే సంగీతం రాలేదు. అంతటితో అయిపోలేదు. ప్లేస్టేషన్ వీడియోలు, ఎక్స్‌ఏ ఆడియో (డేటా ట్రాక్‌లోనే కలిపి ఉంచే ధ్వని) చాలావరకు మోడ్ 2 ఫారం 2 అనే రకం సెక్టార్లలో ఉంటాయి. వాటిలో సమాచారం 2324 బైట్లు. 2048కి కోసేస్తే వీడియో వచ్చే చోట గేమ్ తడబడుతుంది లేదా ఆగిపోతుంది. మొదటి పది నిమిషాలు ఆడి "బాగానే ఉంది" అనుకునేది ఇలాంటి డంప్‌ల విషయంలోనే.

ఎంపీఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ తెరలోంచి రీడంపర్ గానీ డిస్క్‌ఇమేజ్‌క్రియేటర్ గానీ (రెండూ డిస్కు డంపింగ్ సాఫ్ట్‌వేర్లే) నడపండి. సెక్టార్ మొత్తంగా చదివి, ట్రాకులుగా విడగొట్టి, ఏ ట్రాక్ ఎక్కడుందో చెప్పే క్యూ ఫైలు రాసి, లాగ్ కూడా ఇస్తాయి. అప్పుడు కూడా కలవకపోతే ఏ ట్రాక్ కలవలేదో చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది.

డేటా ట్రాక్ కలిసి ఆడియో ట్రాకులు మాత్రమే తప్పితే డ్రైవ్ రీడ్ ఆఫ్‌సెట్ సరిచేయలేదన్నమాట. ప్రతి డ్రైవ్ మోడల్ ఆడియోను కొన్ని శాంపిళ్లు ముందుగానో వెనకగానో చదువుతుంది. డేటా సెక్టార్‌కు తలలో సింక్ గుర్తు ఉంటుంది కాబట్టి అది సరిగ్గా కూర్చుంటుంది, ఆడియోకు ఆ గుర్తు లేదు. ఒక శాంపిల్ అంటే 4 బైట్లు, సెక్టార్‌కు 588 శాంపిళ్లు. చాలా ప్లెక్స్‌టర్ డ్రైవ్‌ల ఆఫ్‌సెట్ +30. మీ మోడల్‌ది ఆక్యురేట్‌రిప్ డ్రైవ్ జాబితాలో చూడండి.

ట్రాక్ సైజుల్లోనే 352,800 బైట్లు తేడా కనిపిస్తే అది ప్రీగ్యాప్ (ట్రాక్‌కు ముందుండే విరామం): 150 సెక్టార్లు, రెండు సెకన్లు. రీడంప్ దాన్ని తర్వాతి ట్రాక్ మొదట్లో పెడుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు ముందు ట్రాక్ చివర పెడతాయి. సమాచారం అంతా ఉన్నట్టే, కోత గీసిన చోటే వేరు.

యూరప్ ప్రతి అయితే లిబ్‌క్రిప్ట్ అనే కాపీ రక్షణ ఉండొచ్చు. అది సబ్‌ఛానెల్‌లో (సెక్టార్ల పక్కన డిస్కు మీద ఉండే అదనపు సమాచారం) ఉంటుంది, బిన్-క్యూ జంటలో (ట్రాకుల బిన్ ఫైళ్లు, క్యూ ఫైలు) సబ్‌ఛానెల్ నిల్వ ఉండదు. హ్యాష్‌లన్నీ కలిసినా గేమ్ మధ్యలో గడ్డకట్టుకుపోతుంది. ఆ సబ్‌ఛానెల్ వివరం ఉన్న ఎస్‌బీఐ అనే చిన్న ఫైలు పక్కన ఉండాలి, డంపర్ లాగ్‌లోంచి అది తయారవుతుంది. రీడంప్ పేజీలో లిబ్‌క్రిప్ట్ ఉందా లేదా అన్న వివరం విడిగా రాసి ఉంటుంది. ఉత్త అంకెల పట్టిక అన్నారు కదా, ఈ ఒక్క వరుస లేకపోతే తప్పు ఎమ్యులేటర్‌దో డిస్కుదో తెలియక వారాలు పోతాయి.

డిస్కు లోపలి వలయం మీద చెక్కిన అక్షరాలు, అంకెలు కూడా రాసుకోండి. పెట్టె, లేబుల్ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా, ఆ రింగ్ కోడ్ వేరైతే లోపల వేరే కూర్పు ఉండొచ్చు.

చోటు తక్కువై సీహెచ్‌డీ అనే రకం ఫైలుగా కుదించుకుంటే తప్పులేదు, నష్టం లేని కుదింపే. కాకపోతే సీహెచ్‌డీ లోపల రాసుండే ఎస్‌హెచ్‌ఏ-1ను రీడంప్ హ్యాష్‌తో పోల్చకండి, రెండూ వేర్వేరు వాటి మీద లెక్కగట్టినవి. తిరిగి విప్పితే మామూలుగా అన్ని ట్రాకులూ కలిసి ఒకే బిన్‌గా వస్తాయి, ట్రాక్‌వారీ హ్యాష్‌కు మళ్లీ విడగొట్టాలి. కుదించే ముందే సరిచూసుకోవడం మేలు.

అయస్కాంతం:
ఫ్లాపీ విషయం అన్నిటికన్నా ఆసక్తిగా ఉంది. 2, 3 కలిసి 1 ఒక్కటే తప్పడం, పైగా రెండుసార్లూ ఒకే హ్యాష్ రావడం చూస్తే చదవడంలో లోపం కాదు. ఫ్లాపీ మీదే అలా రాసి ఉంది.

హెక్స్ ఎడిటర్‌లో మొదటి సెక్టార్ తెరవండి. లెక్క సున్నా నుంచి మొదలుపెడితే 3 నుంచి 10 వరకు ఉన్న 8 బైట్లు ఫార్మాట్ చేసిన వ్యవస్థ పేరు ఉండే చోటు. అక్కడ చివరి మూడు అక్షరాలు ఐ, హెచ్, సీ అని ఉన్నాయా చూడండి. విండోస్ 95, 98 యంత్రాల్లో రైట్ ప్రొటెక్ట్ (రాయకుండా అడ్డుకునే రక్షణ) లేని ఫ్లాపీ పెడితే, ఏ ఫ్లాపీయో గుర్తుపట్టడానికి ఆ వ్యవస్థ అక్కడ తన గుర్తు రాసేస్తుంది. మీరు ఏమీ సేవ్ చేయనక్కర్లేదు, డైరెక్టరీ చూసినా చాలు. ఐహెచ్‌సీ అంటే విండోస్ 95కు తయారీలో ఉన్నప్పుడు పెట్టుకున్న చికాగో అన్న పేరును ఆంగ్లంలో తిరగేసి రాస్తే మిగిలిన తోక. 2, 3 ఫ్లాపీల మూలనున్న రైట్ ప్రొటెక్ట్ కిటికీ తెరిచి ఉండి, మొదటిదాని కిటికీ మూసి ఉందేమో చూడండి. 3.5 అంగుళాల ఫ్లాపీలో రంధ్రం తెరిచి ఉంటేనే రక్షణ, 5.25 దానిలో ఇందుకు విరుద్ధం, గాటు మూస్తేనే రక్షణ.

అది తేలేదాకా ఏ ఫ్లాపీనీ కిటికీ మూసి డ్రైవ్‌లో పెట్టకండి.

డేటాబేస్ విలువ ఇక్కడ కళ్లకు కడుతోంది. ఇన్‌స్టాల్ అయింది, ఆడింది, రెండు డంప్‌లూ కలిశాయి. మీ దగ్గరున్న ఏ పరీక్షలోనూ తేడా బయటపడలేదు. వేరే ఫ్లాపీ నుంచి, వేరే డ్రైవ్ మీద, వేరే మనిషి తీసిన హ్యాష్ ఉంది కాబట్టే తెలిసింది.

అట్టపెట్టె:
512 బైట్లు కోశాక కార్ట్రిడ్జ్ కలిసింది. డిస్కు మళ్లీ తీస్తున్నాను.

ఫ్లాపీలో 8, 9, 10 బైట్లు ఐ, హెచ్, సీలే. రెండో ఫ్లాపీలో ఉన్న 8 బైట్లను మొదటిదాని కాపీలో పెట్టి చూశాను, టోసెక్ హ్యాష్‌తో కలిసిపోయింది. ఇక ఈ కాపీనే నా డంప్‌గా నమోదు చేయొచ్చా?

అయస్కాంతం:
చేయకండి. ఆ పరీక్ష మంచిదే, మిగతా 1,474,552 బైట్లూ జాబితాలోవాటితో కలుస్తాయని అది రుజువు చేసింది. కానీ ఆ ఫైలు మీ ఫ్లాపీలో లేదు, మీరు కట్టింది. దాన్ని "నేను కూడా తీశాను, కలిసింది" అని నమోదు చేస్తే స్వతంత్రంగా రెండోసారి సరిచూసినట్టు లెక్కలోకి వెళుతుంది. జాబితాలోది కూడా ఇలాగే ఎవరో సరిచేసి పెట్టిందైతే? ఒకే ఊహను రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. మొదటి ఫ్లాపీ ఇమేజ్‌ను ఉన్నదున్నట్టు ఉంచి, "బూట్ సెక్టార్‌లో 8 బైట్లు మారాయి" అని పక్కన రాయండి. కట్టిన కాపీ కావాలంటే వేరే పేరుతో పెట్టుకోండి.

వీలైతే ఫ్లక్స్ స్థాయిలో, అంటే ఫ్లాపీ మీది అయస్కాంత మార్పులనే నేరుగా, మళ్లీ చదవండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో అది అయ్యే పని కాదు, అది సెక్టార్లు మాత్రమే ఇస్తుంది. 34 పిన్నుల కేబుల్ ఉన్న మామూలు డ్రైవ్, ఫ్లక్స్ చదివే గ్రీజ్‌వీజల్ బోర్డు కావాలి. డ్రైవ్‌కు కరెంటు విడిగా ఇవ్వాల్సి రావొచ్చు: 3.5 అంగుళాల వాటికి చాలావరకు 5 వోల్టులు చాలు, 5.25 వాటికి 12 కూడా కావాలి. ఒక్కో ట్రాక్‌ను కనీసం 3 చుట్లు, కాపీ రక్షణ ఉందని అనుమానమైతే 5 చుట్లు చదివి ఎస్‌సీపీ అనే ఫ్లక్స్ ఫైలుగా దాచండి. ఒకే చుట్టు చదివితే వీక్ బిట్లు పట్టుబడవు. ప్రతి చుట్టుకూ వేరే విలువ ఇవ్వడమే ఆ రక్షణ పని కాబట్టి, పోల్చడానికి రెండో చుట్టు లేకపోతే అది ఉందనే తెలియదు. ఫైలు పదుల ఎంబీలు అవుతుంది, కానివ్వండి. దాంట్లోంచి మామూలు ఇమేజ్ ఎప్పుడైనా తీయొచ్చు, ఇమేజ్‌లోంచి ఫ్లక్స్ రాదు.

ఫ్లక్స్‌తో ఇంకో లాభం: ఫ్యాక్టరీ యంత్రం ట్రాక్ మొత్తాన్ని ఒక్క బిగిన రాస్తుంది. ఇంట్లో డ్రైవ్ ఒక సెక్టార్‌ను తిరగరాస్తే ఆ అతుకు ఫ్లక్స్‌లో కనిపిస్తుంది. అమిగా అనే పాత కంప్యూటర్ డిస్కులను ఐపీఎఫ్ ఫైళ్ల రూపంలో దాచే సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ సొసైటీ ప్రతి అసలుదో కాదో తేల్చడంలో ఇలాంటి ఆనవాళ్లనే చూస్తుంది. మీ మొదటి ఫ్లాపీలో సున్నా ట్రాక్‌లో ఒక అతుకు, మిగతాదంతా శుభ్రం అని తేలితే మీ కథ పూర్తిగా రుజువైనట్టే.

బూజు మచ్చలున్న ఫ్లాపీని మాత్రం శుభ్రం చేయకుండా పెట్టకండి. తిరుగుతుంటే కీచుమన్న చప్పుడు వస్తే వెంటనే ఆపి తీసేయండి. హెడ్‌కు అంటిన బూజు ఆ ఫ్లాపీ పూతను గీకుతుంది, తర్వాత పెట్టిన ఫ్లాపీని కూడా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడిచి ఆరాకే ఇంకోటి పెట్టండి.

చెడ్డడంప్:
పైవాళ్లు చెప్పిందంతా నిజమే, కానీ హ్యాష్ కలిస్తే అయిపోయిందన్న ధీమా కూడా వద్దు. జాబితాలో మొదట చేరిన డంప్ తప్పుదైతే, దాని నుంచి పుట్టిన ఫైళ్లన్నీ దానితో కలుస్తూనే ఉంటాయి. నెట్‌లో దించిన ఫైలు కలవడం రుజువు కిందకు రాదు. మరో భౌతిక ప్రతి నుంచి తీసింది కలిస్తేనే లెక్క. గుడ్‌టూల్స్ అనే పాత సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫైలు పేర్లలో ఆశ్చర్యార్థకం చూసి "వెరిఫైడ్" అని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ ప్రతి నుంచి, ఏ పరికరంతో తీశారో ఆ గుర్తు చెప్పదు.

రెండుసార్లు తీస్తే ఒకే తప్పు రెండుసార్లు రావచ్చు. కార్ట్రిడ్జ్‌లో పై అడ్రస్ పిన్ ఒకటి మురికి పట్టి తగలకపోతే, ఫైలు రెండో సగం మొదటి సగానికి నకలుగా వస్తుంది, ప్రతిసారీ. ఫైలును రెండు ముక్కలు చేసి విడివిడిగా హ్యాష్ తీయండి, రెండూ సమానమైతే అనుమానించండి. చిప్ నిజంగానే చిన్నదైనా ఇలాగే వస్తుంది, ఓవర్‌డంప్ (ఉన్నదానికన్నా ఎక్కువ చదవడం) అంటే అదే. బోర్డు మీది చిప్ నంబర్ చూస్తే ఏదో తెలుస్తుంది. డేటా పిన్ తగలకపోతే ప్రతి బైటులోనూ ఒకే బిట్ మారకుండా ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్, దూదిపుల్ల చాలు. గరుకు కాగితం, ఇంకు రబ్బరు వాడితే పైపూత లేచిపోతుంది. తుడిచి, తీసి, మళ్లీ గుచ్చి చదవండి. పిన్ను కదపకుండా రెండోసారి చదవడం రెండో సాక్ష్యం కాదు.

ఆడుతోంది అన్న మాట గురించి ఒక్క ఉదాహరణ. గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌లో 334, 335 బైట్ల దగ్గర ఫైలు మొత్తానికి చెక్‌సమ్ (బైట్లను కూడి సరిచూసుకునే సంఖ్య) ఉంటుంది. గేమ్ బాయ్ దాన్ని చూడనే చూడదు. బూట్ అప్పుడు నింటెండో లోగోను, హెడర్ చెక్‌సమ్‌ను మాత్రమే సరిచూస్తుంది. చివరి మజిలీలో ఒక బొమ్మ తాలూకు బైట్లు పాడైనా గేమ్ దర్జాగా మొదలవుతుంది. మీరు మాత్రం ఆ చెక్‌సమ్ చూడొచ్చు. సూపర్ నింటెండోలోనూ లోపల చెక్‌సమ్, దాని పూరకం ఉంటాయి, రెండూ కూడితే 65,535 రావాలి. విడుదలకు ముందటి నమూనా ప్రతుల్లో ఇది తప్పుగానే ఉండటం మామూలే, కాబట్టి తప్పినంత మాత్రాన పారేయకండి.

సీఆర్‌సీ32 అనే చిన్న హ్యాష్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. 32 బిట్లంటే సుమారు 429 కోట్ల విలువలే. సుమారు 77 వేల ఫైళ్లు పోగయ్యేసరికి ఎక్కడో ఒక జంట ఢీకొనే అవకాశం సగానికి సగం. కావాలనుకున్న సీఆర్‌సీ32 వచ్చేలా నాలుగు బైట్లు మార్చడం కూడా తేలికే. ఎస్‌హెచ్‌ఏ-1, సైజు రెండూ చూడండి.

రింగ్‌కోడ్:
కలవని డంప్ కూడా ఆస్తే, దాన్ని చిన్నచూపు చూడొద్దు. పై తప్పులన్నీ వడగట్టాక ఇంకా కలవకపోతే మీ చేతిలో నమోదుకాని రివిజన్ ఉండొచ్చు. బోర్డు ఫొటో, చిప్ మీది అక్షరాలు, లేబుల్ కోడ్, లాగ్ జతచేసి పంపండి. ఫొటో లేని కొత్త హ్యాష్‌ను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

సూపర్ నింటెండోకు 1995 నుంచి 2000 వరకు జపాన్‌లో నడిచిన సాటెల్లావ్యూ ప్రసారాల సంగతి చూడండి. ఉపగ్రహం నుంచి దించుకున్న గేములు 8 మెగాబిట్ల మెమరీ ప్యాక్‌లలో ఉండేవి, కొత్తది దించితే పాతది పోయేది. ఇవాళ ఏ ప్యాక్‌లో ఏముందో చదివి చూస్తే తప్ప తెలియదు, ఖాళీగా కనిపించే ప్యాక్‌లోనూ చెరిపిన గేము అవశేషం ఉండొచ్చు. ఏవి దొరికాయో, ఏవి దొరకలేదో జాబితా ఉంటేనే ఏ ప్యాక్ ముందు చదవాలో తెలుస్తుంది. వాటిలో సౌండ్‌లింక్ అనే రకం గేములకు గొంతులు ప్రసారంలో నేరుగా వచ్చేవి, ప్యాక్‌లో ఉండవు. కాబట్టి సరైన హ్యాష్ ఉన్న డంప్ కూడా సగం గేమే. ఆ సంగతి రాసి ఉండే చోటూ డేటాబేస్‌లే.

అట్టపెట్టె:
చివరిగా రెండు ప్రశ్నలు. ఈ డేటాబేస్‌లు ఫైళ్లు ఇవ్వకపోవడానికి కారణం కాపీరైటేనా? రేపు ఆ సైట్లే మూతపడితే పట్టికలు ఏమవుతాయి?

సెక్టార్‌సున్నా:
కాపీరైటే ప్రధానం. హ్యాష్, సైజు, పేరు సమాచారం మాత్రమే, గేము కాదు. ఫైళ్లు పెట్టిన సైట్లు ఒత్తిడికి మూతపడినా పట్టికలు నిలిచాయి. మధ్యేమార్గాలూ ఉన్నాయి. 1995లో మొదలైన వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్ అనే సైటు (జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత కంప్యూటర్ గేములది) హక్కుదారుల్ని అడిగి, కాదన్నవాటికి ఆ సంగతి రాసి, వివరాలు మాత్రం ఉంచింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015లో రెండు వేలకు పైగా డాస్ గేములను బ్రౌజర్‌లోనే ఆడేలా పెట్టింది. కొనుక్కోవచ్చు కదా అంటే, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది: 2010కి ముందు అమెరికాలో వచ్చిన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవు. గ్రంథాలయాలు వాటిని దూరం నుంచి పరిశోధకులకు చూపేందుకు మినహాయింపు అడిగితే 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు.

రెండోదానికి జవాబు మీ చేతిలోనే ఉంది. డ్యాట్ ఫైలు ఉత్త ఎక్స్‌ఎంఎల్ టెక్స్ట్, ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది. స్పెక్ట్రమ్ వాళ్ల జెడ్‌ఎక్స్‌డీబీ అయితే డేటాబేస్ మొత్తాన్నీ దించుకోనిస్తుంది. మీరు సరిచూసిన రోజు డ్యాట్‌ను తేదీతో సహా మీ డంప్‌ల పక్కనే దాచండి. పట్టికలు సవరణలకు లోనవుతాయి, పేర్లు మారతాయి, చెడ్డవని తేలినవి తొలగుతాయి. ఏ తేదీ పట్టికతో కలిసిందో రాసి లేకపోతే మూడేళ్ల తర్వాత అదే ఫైలు "తెలియనిది" అని వచ్చినప్పుడు అయోమయమే.

సరిచూడ్డానికి క్లర్‌మేమ్‌ప్రో గానీ రోమ్‌వాల్ట్ గానీ పెట్టుకోండి. మొదటిసారి స్కాన్ మాత్రమే చేయండి, సరిచేయమని నొక్కకండి. కలవని ఫైళ్లను పక్కకు తోసి, పేర్లు మార్చి పెడతాయవి. అసలు డంప్‌ల ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీగా మార్చి, కాపీ మీద నడపండి. మీ మొదటి ఫ్లాపీ ఇమేజ్ అలా పక్కకు పోయేవాటిలో ముందుంటుంది.